స్కానింగ్ గదిలో రాజకుమారి మాట

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో మందుల షాపుల వరుస మీద, మొదటి అంతస్తులో ఒక స్కానింగ్ సెంటర్ ఉంది. పదిహేడేళ్లుగా అక్కడ ఆయాగా పనిచేస్తున్న రాజకుమారి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. భర్త పోశం గనిలో పంపు ఆపరేటర్. అతణ్ణి ఫస్టు షిఫ్టుకు పంపి, ఎనిమిదింటికల్లా తను వచ్చి సెంటర్ తలుపు తీస్తుంది.

చేరిన కొత్తలో తన పని నేల తుడవటం, దుప్పట్లు మార్చటమే అనుకుంది. సెంటర్ పెట్టిన శోభ మేడం మొదటి వారంలోనే పిలిచి చెప్పింది: "ఆడోళ్ల స్కాన్ అయ్యేటప్పుడు నువ్వు గదిల ఉండాలె రాజకుమారీ. మిషిన్ దిక్కు నేను చూస్త. మనిషి దిక్కు నువ్వు చూడు."

అప్పటినుంచి రాజకుమారి చూస్తూనే ఉంది. వచ్చినామె నోటితోనే పేరు, వయసు చెప్పించి చీటీతో సరిచూస్తుంది. ఆఖరి నెలసరి తేదీ గుర్తుకు రాకపోతే, బతుకమ్మకు ముందా వెనకనా అని అడిగి రాబడుతుంది. తలుపు గడియ, పరదా, నడుము కింద కప్పే దుప్పటి అన్నీ ఆమె చూసుకోవలసిందే. లోపలినుంచి చేసే స్కాన్‌కు వాడే సన్నని పరికరానికి మనిషి మనిషికీ కొత్త తొడుగు వేస్తుంది. రబ్బరు పడుతుందా, ఎప్పుడైనా దద్దుర్లు లేచాయా అని ముందే అడుగుతుంది. వాడాక ఆ పరికరాన్ని తుడిచి మందులో నానబెడితే, గడియారంలో నిమిషాలు నిండేదాకా డాక్టరు అడిగినా చేతికివ్వదు.

రెండేళ్ల కిందట శోభ మేడం హైదరాబాద్ వెళ్లిపోయింది. ఆమె స్థానంలో వేణుమాధవ్ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. పనిమంతుడు. గోరంత తేడా ఉన్నా తెరమీద పట్టేస్తాడు. కాకపోతే తొందర మనిషి. రాజకుమారి పరదా సర్దుతుంటే "అయిందా, అయిందా" అంటూ కుర్చీలో కదులుతుండేవాడు.

కిందటి వానాకాలం ఒక సోమవారం జనం మెట్లదాకా నిలబడ్డారు. బసంత్‌నగర్ నుంచి రుఖయ్యా అనే ఇరవై ఏళ్ల అమ్మాయి కడుపునొప్పితో వచ్చింది. వెంట వదిన ఆసియా ఉంది. ఆసియా చిన్నకూతురు రుఖయ్యా ఒళ్లో నిద్రపోతుంటే, కౌంటరు అతను రుఖయ్యానే పిల్లతల్లి అనుకుని, అడక్కుండానే చీటీ మీద పెళ్లయినట్టు రాసేశాడు. పెళ్లికాని వాళ్లకు మామూలుగా పొట్ట మీదినుంచే చేస్తారు. ఆ రాతను నమ్మి వేణుమాధవ్ లోపలినుంచి స్కాన్ చేద్దామన్నాడు.

రుఖయ్యా బల్ల మీద పడుకుంది. డాక్టరు ఒక్క వాక్యంలో ఏదో చెప్పి "సరేనా?" అన్నాడు. ఆమె తల ఊపింది. అతను గ్లవ్స్ వేసుకున్నాడు. రాజకుమారి చూపు మాత్రం ఆ పిల్ల చేతుల మీద ఉంది. రెండు పిడికిళ్లతో దుప్పటి అంచు పట్టుకుంది. మోకాళ్లు ఒకదానికొకటి అతుక్కుని వణుకుతున్నాయి.

"సార్, ఒక్క నిమిషం ఆగుండ్రి."

"బయట ఇరవై మంది ఉన్నారు రాజకుమారీ. సరే అంది కదా!"

"తలకాయ ఊపింది సార్. కాళ్లు, చేతులు, పెయ్యంత వద్దంటున్నది. జర బయట నిలబడుండ్రి."

అన్నేళ్లలో ఆమె ఒక డాక్టరును గదిలోంచి పంపటం అదే మొదటిసారి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. వేణుమాధవ్ ముఖం ఎర్రబడింది కానీ బయటికి నడిచాడు.

రాజకుమారి స్టూలు లాక్కుని అమ్మాయి తల దగ్గర కూర్చుంది. "బిడ్డా, పెండ్లయిందా నీకు?"

"కాలే అక్కా. నా ఒళ్ల పండిన పిల్ల మా వదిన బిడ్డ." రుఖయ్యా కళ్లు నిండాయి. "గీ స్కాన్ ఎట్ల చేస్తరో నాకు సమజ్ కాలే. డాక్టర్ సాబ్ అడిగితె వద్దనొచ్చా?"

"ఎందుకనొద్దు? పెయ్యి నీది. సురువైనంక గూడ ఆపుమంటె ఆపుతరు. ఫికర్ చెయ్యకు."

రాజకుమారి బయటికెళ్లి చెప్పిన సంగతి విని వేణుమాధవ్ గ్లవ్స్ విప్పేసి, లోపలికొచ్చి అమ్మాయి ఎదుట నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. నేనే అడగాల్సింది" అన్నాడు. పొట్ట మీదినుంచే స్కాన్ చేస్తానని, ఎక్కడ నొక్కుతాడో, ఎంతసేపు పడుతుందో మెల్లగా వివరించాడు. ఆసియాను కూడా లోపలికి పిలవమంటావా అని అడిగాడు. పిలవమంది. రాజకుమారి జెల్లీ సీసాను కాసేపు వేడినీళ్లలో పెట్టి తెచ్చింది.

తెర మీద కుడివైపు అండాశయం బత్తాయంత ఉబ్బి కనిపించింది. రక్తం సరిగ్గా పారటం లేదు. "మెలిపడ్డట్టుంది. ఖాయంగా చెప్పాల్సింది ఆపరేషన్ చేసే డాక్టరమ్మ. కానీ ఆలస్యం చేయొద్దు, ఇప్పుడే వెళ్లాలి" అని చెప్పి, ఆమె ఎదుటే సర్కారు దవాఖానకు ఫోన్ చేశాడు. రాజకుమారి వాళ్లను ఆటో ఎక్కించి వచ్చింది. సాయంత్రానికల్లా ఆపరేషన్ అయింది. మెలి విప్పారు, అండాశయం దక్కింది.

ఆ మర్నాడు వేణుమాధవ్ తెల్లకాగితం ముందు పెట్టుకుని, "గదిలో ఏది ముందు, ఏది తర్వాత, నువ్వు చెప్పు. నేను రాస్తాను" అన్నాడు. కాగితానికి రెండు వైపులూ నిండాయి. కౌంటరు అతనికి కూడా ఒక నకలు అందింది. ఇక అడక్కుండా ఏ చీటీ రాయకూడదు.

నెల తిరిగాక రుఖయ్యా మళ్లీ స్కాన్‌కు వచ్చింది. "అక్క ఉన్నదా? ఉంటెనే లోపటికొస్త" అంది.

ఈ ఏడు స్కానింగ్ నేర్చుకోవటానికి నలుగురు కొత్త డాక్టర్లు సెంటరుకు వచ్చారు. వేణుమాధవ్ వాళ్లను మిషన్ దగ్గరికి తీసుకెళ్లలేదు. "మొదటి రెండు రోజులు రాజకుమారక్క చెప్పింది వినండి" అన్నాడు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చిన రాజకుమారి, ఎమ్‌బీబీఎస్ చదివిన నలుగురి ముందు తొణక్కుండా నిలబడింది.

"ఒకసారి సరే అన్నాక మళ్లీ అడగాలా అక్కా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"అడగాలె మేడం. బయట కుర్సీల కూసున్నప్పుడు చెప్పిన సరే, బల్ల మీద పండినంక మారొచ్చు. మొఖం చూసుకుంట అడుగుండ్రి."

నలుగురూ రాసుకున్నారు. తను చెప్పింది పుస్తకాల్లోకి ఎక్కుతుంటే రాజకుమారి వాళ్ల కలాలు ఆగేదాకా చూసి, తర్వాతి మాట చెప్పింది. సాయంత్రం ఇంటికెళ్లి పోశంతో అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"డాక్టర్లకే పాఠం చెప్పినవా!" అని పోశం అన్నం ముందు అలాగే కూర్చుండిపోయాడు. తెల్లవారి ఫస్టు షిఫ్టు వాళ్లు గని దిగేలోపే ఆ కబురు సగం మందికి చేరవేశాడు.