పగిలిన రాయి మీద చాయ్

మాది సీతాఫల్‌మండి. యూనివర్సిటీలో క్లర్కుగా పనిచేస్తాను. నిరుడు వంటగది గట్టు కోసం, తార్నాకలో ఒక గ్రానైట్ షాపువాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన ఫోటోలన్నీ వారం రోజులు చూశాను. నల్లరాయి మీద తెల్లకొంగ ఎగురుతున్నట్టు చారలున్న రాయిని బుక్ చేశాను. తీరా ఇంటికి మచ్చల మచ్చల రాయి వచ్చింది.

ఓనరును అడిగితే, "మీది లారీ ఎక్కిస్తుంటే పగిలింది మేడం. గసొంటిదే పంపినం" అన్నాడు. నమ్మి, దాన్నే వేయించుకున్నాను.

నెల తిరక్కుండానే మా క్యాంపస్ క్యాంటీన్‌లో కొత్త కౌంటర్ కట్టారు. చాయ్ గ్లాసు పెట్టబోయి చూస్తే, నా కొంగ! ఫోన్‌లో ఆ షాపువాళ్ల ఫోటో తీసి పోల్చుకున్నాను. అదే మెడ, అవే రెక్కలు. ఒళ్లు మండిపోయింది. అక్కడి నుంచే ఓనరుకు ఫోన్ చేశాను.

"పగిలిందన్నవ్ కదా! గా రాయి మీదనే చాయ్ తాగుతున్న!" అని అరిచాను. క్యాంటీన్ అంతా నావైపు తిరిగింది.

 ఓనరు మాత్రం, "గరం కాకుండ్రి మేడం. గసొంటిదే ఇంకోటి ఉన్నది, ఫోటో పంపిస్త" అన్నాడు.

ఫోటో వచ్చింది. అదే కొంగ!

ఇప్పటికీ ఆ కౌంటర్ మీద గ్లాసు పెట్టను. వేళ్లు కాలినా సరే, చేత్తో పట్టుకునే తాగుతాను.