మూత వేయని కంప్యూటరు

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కోటు జేబులో ఎప్పుడూ స్క్రూలు గలగలలాడేవి కాబట్టి పిల్లలు స్క్రూలత్త అన్నారు. పెద్దలూ అదే అందుకున్నారు. మందుల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ మధ్య, ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టున్న ఇరుకు గదిలో ఆమె కంప్యూటర్లు బిగించేది, బాగుచేసేది. డెస్క్‌టాప్‌లు మాత్రమే. ఎవరైనా ల్యాప్‌టాప్ తెస్తే, "దీన్ని చేసినవాడే దీనికి దేవుడు, వాడి దగ్గరికే తీసుకుపొండి" అని పంపేసేది. విప్పి మార్చుకోగలిగిందే మనదని ఆమె నమ్మకం. చచ్చిన యంత్రం పక్కపలక తీసి, లోపలి దుమ్మును మెత్తని కుంచెతో తుడుస్తున్నప్పుడు, నిద్రపోతున్న పసిబిడ్డ మీదికి వంగినట్టుండేది ఆమె ముఖం.

ఇంట్లో కిటికీ పక్కన కూడా ఒక డెస్క్‌టాప్ ఉండేది. దానికి మూత వేసి ఉండగా చూసినవాళ్ళు లేరు. దుకాణంలో ఎవరి యంత్రానికైనా ఏదైనా భాగం అత్యవసరమైతే స్క్రూలత్త ఇంటికి పరుగెత్తుకొచ్చి, అందులోంచి ఊడబీకి పట్టుకుపోయేది. తర్వాత ఎప్పుడో, అంతకంటే మంచిదే తెచ్చి పెట్టేది. ఈలోగా ఇంట్లోవాళ్ళు సర్దుకునేవారు.

"ఇది కంప్యూటరు కాదు, నీ దుకాణానికి గోదాము," అనేవాడు బస్సు నడిపే భర్త. "రేపు నా కిడ్నీ కూడా ఎవరికో సరిపోతుందంటావు."

"భయపడకు. నీది పాత మోడలు. ఎవరికీ పట్టదు."

ఆ మాటకు కూతురు కూడా నవ్వేది. కూతురు నవ్వుతోంది కదా అని తల్లి ఇంకాస్త గట్టిగా నవ్వేది.

ఆ కూతురికి యానిమేషన్ స్టూడియోలో మొదటి ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే పని, కాకపోతే యంత్రం సొంతంగా తెచ్చుకోవాలన్నారు. ఇక ఆ యంత్రమే ఆమెకు కలం, కాగితం, అన్నం. స్క్రూలత్త సంబరానికి పట్టపగ్గాల్లేవు. ఏ బోర్డు, ఏ గ్రాఫిక్స్ కార్డు, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలి, అన్నీ మనసులోనే అమర్చుకుంది. కొత్త భాగాలన్నీ ఒకేచోట దొరికే పెద్ద దుకాణానికి కూతురిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

లోపల అద్దాల వెనక యంత్రాలు రంగులు మార్చుకుంటూ వెలుగుతున్నాయి. ఆమె నేరుగా విడిభాగాల అర వైపు నడిచింది. వెనక అడుగుల చప్పుడు లేకపోవడంతో తిరిగి చూసింది. కూతురు ఒక నల్లని గేమింగ్ ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఉంది.

"ఇది తీసుకుంటానమ్మా."

స్క్రూలత్తకు వేళాకోళమేమో అనిపించింది. "ఏమిటీ! శాకాహారి కూతురు చేపల బజారుకి పోయినట్టు? దీంట్లో గ్రాఫిక్స్ చిప్పు బోర్డుకే అతికించేసి ఉంటుందే. రోజంతా బొమ్మలు తయారుచేయిస్తే పెనంలా కాలిపోతుంది. రెండేళ్ళకి పాతబడితే మొత్తం పారేసుకోవాలి."

"తెలుసమ్మా."

"తెలిసీ?"

అమ్మేవాడు మర్యాదగా దగ్గరికొచ్చాడు. "ప్రయాణాలు ఎక్కువా అండీ?"

"లేదండీ. ఇంట్లోనే."

"గేమ్స్ ఆడతారా?"

"ఆడను."

"మరైతే మీ పనికి డెస్క్‌టాపే..." అని అతను తల్లి వైపు చూశాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని స్క్రూలత్త మనసులో గొణుక్కుంది. ఇంత చిన్న సంగతి పరాయివాడికి తెలిసింది, కన్నకూతురికి తెలియలేదు!

కూతురు ల్యాప్‌టాప్ అంచును వేలితో నిమురుతూ, తల ఎత్తకుండా, చాలా మెల్లగా అంది.

"ఇందులోది ఊడబీకినా ఇంకెవరికీ పట్టదు. అందుకని."

ఒక్క క్షణం స్క్రూలత్తకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక, చుట్టూ వెలుగుతున్న రంగులన్నీ ఒకేసారి కళ్ళలోకి వచ్చి గుచ్చుకున్నట్టయింది.

"నేనేం తీశానే నీది? తీసినవన్నీ మళ్ళీ పెట్టానుగా!"

"అన్నీ కాదమ్మా."

"ఏది పెట్టలేదు? చెప్పు."

"పళ్ళ డాక్టరుగారికిచ్చిన డిస్కు."

స్క్రూలత్తకు గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? వీధి చివరి పళ్ళ డాక్టరుగారి కంప్యూటరు ఆగిపోయింది. కుర్చీలో రోగి నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆమె ఇంటికి పరుగెత్తి, రెండో హార్డ్‌డిస్కు లాగి, ఉన్నదంతా తుడిచేసి, అక్కడ బిగించింది. డాక్టరుగారు లేచి నిలబడి దండం పెట్టారు. వీధంతా ఆ సంగతే చెప్పుకున్నారు. సాయంత్రం తను అడిగింది కూడా, అందులో ఏమైనా ఉందా అని.

"ఏమీ లేదు, పాతవే అన్నావు కదే!"

"నువ్వు అడిగేటప్పటికే తుడిచేసొచ్చావుగా."

"ఏముంది అందులో?"

"నా సినిమా. మొట్టమొదటిది. ఎండ పడితే కరిగిపోయే పిట్ట కథ. అది చూపించి యానిమేషన్ చదువులో చేరదామనుకున్నాను. ఒక్కో రెక్కా ఒక్కో ఈకా గీసి... కాలేజీ నుంచి వచ్చేసరికి డిస్కు లేదు. నువ్వేమో వాకిట్లో నిలబడి అందరికీ చెప్పుకుంటున్నావు. నీ ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదమ్మా. ఎలా చెప్పను?"

ఆ ఏడు కూతురు ఇంకేదో కోర్సులో చేరింది. తన కూతురికి చంచల బుద్ధని స్క్రూలత్తే నలుగురితో నవ్వుతూ చెప్పింది. అప్పుడు కూడా కూతురు నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి, ముఖాలు లేకుండా, తనవైపు చూస్తున్నట్టనిపించింది.

ఏమీ తెలియని అమ్మేవాడు ఊరుకోలేక అందుకున్నాడు. "దీంట్లో కూడా డిస్కు మార్చుకోవచ్చండీ. కింద స్క్రూలు తీస్తే చాలు."

కూతురి ముఖం పాలిపోయింది. దాక్కున్న గదికి ఇంకో తలుపు ఉందని తెలిసినట్టు తల్లి వైపు చూసింది.

"నిజమే," అంది స్క్రూలత్త. "నేను తీయాలనుకుంటే దీంట్లోంచీ తీస్తాను. ఈ చేతికి అడ్డేమీ లేదు. నేను తీసేస్తానన్న భయంతో మాత్రం కొనకు. నీ పనికేది కావాలో అది కొనుక్కో. నేను బయట ఉంటాను."

బయట మెట్ల మీద కూర్చుంది. రోడ్డు మీద బండ్లు, మనుషులు, అందరూ ఎక్కడికో తెలిసే వెళుతున్నట్టున్నారు. ఇన్నేళ్ళూ ఎవరి యంత్రం విప్పినా ముందు అడిగేది: ఇందులో మీవేమైనా ఉన్నాయా? తన ఇంట్లో మాత్రం తీశాక అడిగింది. జేబులో చెయ్యి పెట్టి స్క్రూలను పిడికిట బిగించింది. అవి కదలకూడదన్నట్టు.

ఎంతసేపటికో కూతురు వచ్చింది. వెనక ఒక మనిషి పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. ల్యాప్‌టాప్ పెట్టె కాదు. స్క్రూలత్త గుండె ఒక్క గంతు వేసింది.

"డెస్క్‌టాపేనా? భాగాలన్నీ తీసుకున్నావా? పద, ఇంటికెళ్ళి..."

"బిగించేశారమ్మా. ఇక్కడే బిగించమన్నాను. మూత కూడా వాళ్ళనే వేయమన్నాను."

ఆ రోజంతటిలో అన్నిటికంటే గట్టిగా తగిలిన దెబ్బ అదే. వీధిలో ప్రతి ఇంటి యంత్రమూ బిగించిన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. తన కూతురి మొదటి యంత్రాన్ని ముక్కూ మొహం తెలియనివాడు బిగించాడు. ఆమె పెదవి కొరుక్కుంది.

లేచి పెట్టెకు ఒక పక్క పట్టుకుంది. కూతురు రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ బస్సు ఆగే చోటి వైపు నడిచారు. అడుగు తడబడినప్పుడల్లా పెట్టె లోపల ఏదో సన్నగా టిక్కుమంటోంది. స్క్రూలత్త చెవులు రిక్కించింది. బోర్డు కింద జారిపడ్డ స్క్రూ అది. చూడకుండానే చెప్పగలదు. కరెంటు ఇస్తే బోర్డు కాలిపోవచ్చు. చేతులు వాటంతటవే అట్టపెట్టె అంచు దగ్గరికి పోయాయి. అక్కడే ఆగాయి.

"అమ్మడూ," అంది, ఒక కొత్త ఖాతాదారుతో మాట్లాడినట్టు. "లోపల ఒక స్క్రూ ఊడి తిరుగుతోంది. అలాగే ఆన్ చేస్తే ప్రమాదం. ఏం చేద్దామంటావు?"

కూతురు పెట్టెను కొంచెం ఊపి విన్నది. తల్లి చేతుల వైపు చూసింది.

"ఇంటికెళ్ళాక మూత నేనే తీస్తాను," అంది. "నువ్వు పక్కన కూర్చుని ఎలా తీయాలో చెప్పు."