ఉరిమిన అల్యూమినియం కప్పు

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదేమో! పందొమ్మిది వందల అరవైల్లో, గార్డెన్ రీచ్ ఓడల కార్ఖానాలో ఇనుప రేకుల్ని కలిపి బిగించే రివెట్లు కొట్టే పనికి కొత్తగా కుదిరిన నాకైతే ఒక్కటీ ఉండేది కాదు. ఓ శనివారం ఊళ్లో ఆఫీసులన్నీ ఉండే డల్హౌసీ వైపు వెళ్తే, కొత్త ఆఫీసు భవనానికి నిలువెల్లా అల్యూమినియం తొడుగు వేస్తున్నారు. ఇటుకా సున్నమూ తప్ప ఎరగని నా కళ్లకు ఆ గోడ మీద మబ్బులు నడిచి వెళ్తూ కనిపించాయి. నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఎక్కాల్సిన ట్రాములు రెండు నా ముందే వెళ్లిపోయాయి.

ఆ మరునాడే మా ఖిదిర్‌పూర్ తెలుగు చర్చి పెంకుటి కప్పు కారి అయ్యగారి (మా పాస్టరుగారి) బైబిలు తడిసింది. నేను లేచి, "అల్యూమినియం రేకులేద్దామండీ, ఓడలాగ సుక్క నీరు దిగదు" అన్నాను. సంఘ పెద్దలు నన్ను వదిలేసి మా నాన్న వైపు చూశారు. "మావోడు సేస్తాడు. పూచీ నాది" అన్నాడు నాన్న. (అంతవరకూ నన్ను నమ్మి ఉప్పు పొట్లం కూడా తెప్పించని మనిషి!) నెల రోజులపాటు, సెలవు దొరికినప్పుడల్లా నేనూ, నా కార్ఖానా స్నేహితులూ, ఓడకి కొట్టినట్టే రేకు రేకునీ కదలకుండా రివెట్లతో బిగించేశాం. ఎండలో అది ధగధగలాడుతుంటే దారినపోయే బెంగాలీవాళ్లు ఆగి "కీ సుందర్, దాదా!" (ఎంత బాగుందో, అన్నా!) అనేవారు. నేను కిందకి వచ్చి వాళ్ల పక్కనే నిలబడి, ఎవరో కట్టినదాన్ని చూసినట్టు చూసేవాణ్ణి.

కొత్త కప్పు కింద మొదటి ఆదివారం అయ్యగారు, లోకం అంతమయ్యే వేళ ప్రభువు తిరిగొచ్చే రెండవ రాకడ గురించి ప్రసంగిస్తున్నారు. ఎండ ఎక్కింది. "సిద్ధంగా ఉన్నారా?" అని ఆయన అడగ్గానే నెత్తిన ఢాం! ఆయన ఆగారు. మళ్లీ నోరు విప్పగానే ఢాం, ఢాం! వేడికి సాగిన రేకులు జరగడానికి చోటు లేక ఉబికి మోగుతున్నాయని నాకు అర్థమైపోయింది. మిగతావాళ్లు రాకడే వచ్చేసిందనుకుని మోకాళ్ల మీద పడ్డారు. పదేళ్లుగా మా అమ్మతో మాటల్లేని మేనత్త పరుగున వచ్చి ఆమెను కావలించుకుని, "ఆ పెళ్లిలో పోయిన నీ గాజులు నా కాడే ఉన్నాయి, వదినా!" అని భోరుమంది.

నోరు మూసుకుంటే అది దేవుడి పని. విప్పితే నాన్న పరువు పోతుంది. లేచాను. "రాకడ కాదండీ. నా తప్పే. రేకులు కదలడానికి సందు వదల్లేదు." నాన్న తల దించుకున్నాడు. అత్త కళ్లు తుడుచుకుంది. "తప్పు నీదేరా, బయం మాది. మీ యమ్మతో మళ్లీ మాటాడొద్దంటావేటి?" చర్చంతా నవ్వింది. నాన్న మాత్రం నవ్వకుండా, "రేకులెప్పుడు ఇప్పుతావు?" అని అడిగాడు.

రివెట్లన్నీ ఊడదీసి, రేకులు జరగడానికి వీలుగా కన్నాలు వెడల్పు చేసి, బోల్టులు వేశాను. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డది నాన్నే. ఏమీ తెలియకుండా అంత ధీమాగా కప్పెక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అందరి ముందూ అలా లేచి నిలబడే ధైర్యం నాలో ఇంకా మిగిలి ఉందో లేదో మాత్రం చెప్పలేను.