పెద్దమ్మ సంచిలో చీటీ

మొన్న ఆదివారం మా మనవరాలు నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఆరో తరగతి. ఒకే వాక్యంలో నాలుగైదు సంగతులు వరసగా రాసుకు రమ్మన్నారట బళ్ళో. వరసలో మాటలన్నీ ఒకే తీరున ఉండాలి, మధ్యలో కామాలు పడాలి. పిల్ల రాసింది ఇదీ: "నేను సంతలో వంకాయలు బెండకాయలు, చెరుకురసం తాగడం, నాన్న గొడుగు పోయింది, జామకాయలు కొన్నాను." ముప్పైరెండేళ్ళు తాడేపల్లిగూడెంలో పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని. నా చెయ్యి ఎర్ర పెన్ను దగ్గరికి దానంతటదే వెళ్ళింది. గొడుగు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. "తప్పా అమ్మమ్మా?" అంటోంది పిల్ల. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో దానికి తెలియదు, మీకు చెబుతాను.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది మా పెద్దమ్మ. ఆకివీడు అవతల, కొల్లేటి ఒడ్డున ఉండేది. మిషన్ బళ్ళో అయిదో తరగతి దాకా చదువుకుంది. నాకు గూడెంలో ఉద్యోగం వచ్చాక వారం వారం ఒక గుడ్డసంచి మూతి కుట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది. శనివారం మధ్యాహ్నం నేను బస్టాండులో నిలబడేదాన్ని. "ఏవండీ టీచరుగారూ, మీ సంచి పుణ్యమా అని బస్సంతా చేపల వాసనండీ, మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వట్లేదు" అనేవాడు కండక్టరు. అయినా అపురూపంగా దింపి ఇచ్చేవాడు. రొయ్యపప్పులో అతనికీ ఒక పొట్లం ముడుతుండేది లెండి. సంచిలో పైనే ఒక చీటీ ఉండేది, దారిలో ఏదీ జారిపోకుండా లోపల ఏమేం ఉన్నాయో రాసి. అది మా ఇంటి పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది: సంచి వట్టిగా తిరిగి వెళ్ళకూడదు. నేను గూడెం ఉల్లిపాయలో, బిస్కట్ పొట్లమో వేసి సోమవారం బస్సుకి పంపేదాన్ని.

ఆ చీటీలు చూడాలి మీరు. "ఎండుచేపలు రొయ్యపప్పు మొన్నటి గాలికి వంటింటి తాటాకు లేచిపోయింది చింతకాయ తొక్కు నువ్వు మజ్జిగ తాగుతున్నావో లేదో జున్ను గేదె ఈనింది." చుక్క లేదు, కామా లేదు. వంటింటి కప్పు ఎక్కడ ఆగిందో, తొక్కు ఎక్కడ మొదలైందో కళ్ళు చికిలించుకుని చదువుకోవాలి. నేనో? కొత్త ఉద్యోగం, కొత్త ఎర్ర పెన్ను, ఒళ్ళంతా పొగరు. ఒకరోజు ఆ చీటీ స్టాఫ్ రూములో చదివి వినిపించాను. అందరూ పగలబడి నవ్వారు. నవ్వించింది నేనే కదా అని ఇంకాస్త రెచ్చిపోయాను. మాటమాటకీ కామా పెట్టి, గేదె చుట్టూ, మజ్జిగ చుట్టూ, తాటాకు చుట్టూ సున్నాలు చుట్టి, కింద "సరుకుల మధ్య కబుర్లు చేర్చరాదు" అని రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. దాన్ని ఉల్లిపాయల మీద పెట్టి సంచి కుట్టి పంపేశాను. ముద్దుగా చేశాననే అనుకున్నాను. అన్నం పెట్టిన చేతికి మార్కులు వేశానని తట్టలేదు.

పై శనివారం చీటీ వచ్చింది. "ఎండుచేపలు, రొయ్యపప్పు, చింతకాయ తొక్కు, జున్ను." అంతే. ముత్యాల్లాంటి కామాలు. నేను మురిసిపోయి పదికి పది వేసి పంపాను. ఆ తరవాత ప్రతి చీటీ అలాగే వచ్చింది. వర్షాలు వెళ్ళాయి, చలి వచ్చింది. అక్షరాలు పక్కకి ఒరగడం మొదలుపెట్టాయి. ఒక చీటీలో జున్ను అన్న మాట సగంలో ఆగిపోయింది. సంచి కుట్టు వదులైంది. నేను చూసింది కామాలే. వెళ్ళి చూద్దామంటే పరీక్ష పేపర్లు అడ్డం. ఎంత దూరం చెప్పండి, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాను.

ఏలూరు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పక్షవాతం. కుడి పక్కంతా పడిపోయింది. నేను వెళ్ళేసరికి డాక్టరు అడుగుతున్నాడు, "చేతికి ముందునుంచీ తిమ్మిర్లు ఉండేవా అమ్మా?" అని. పెద్దమ్మ నోరు ఒక పక్కకి లాగేస్తున్నా మర్యాద తప్పలేదు. "వానల నుంచీ ఉన్నాయండీ. గరిటె జారిపోయేదండీ." డాక్టరు నావైపు తిరిగి, "ఇంతకాలం ఏం చేస్తున్నారండీ మీరు? అప్పుడే తీసుకొస్తే ఇంతదాకా వచ్చేది కాదేమో" అన్నాడు. నేను ఆవిడ మీద అరిచాను. తప్పు నాదని ఎక్కడో తెలుస్తుంటే మనిషి అలాగే అరుస్తుంది. "ఒక్క ముక్క రాయొద్దా పెద్దమ్మా!"

"ఎక్కడ రాయనే?" అంది. "అది సంచిలో వేసింది కాదు కదమ్మా."

ఎత్తిపొడుపు కాదు. అదే నా ప్రాణం తీసింది. బుద్ధిగా పాఠం నేర్చుకున్న పిల్లలా చెప్పింది. "ఇకనుంచి నీ ఇష్టమొచ్చినట్టు రాయి పెద్దమ్మా, గేదె గురించీ రాయి, అన్నీ కలిపేసి రాయి" అని ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆ చేతిలో పట్టు లేదు. తరవాత నాలుగేళ్ళు బతికింది. పక్కింటావిడ చేత సంచి కుట్టించి పంపేది. చీటీ ఉండేది కాదు.

మొన్న పెన్నుకి మూత పెట్టేసి పిల్లతో, "తప్పేనమ్మా, తరవాత దిద్దుకుందాం. ముందు మీ నాన్న గొడుగు ఎలా పోయిందో చెప్పు" అన్నాను. చాలా పెద్ద కథే, పిల్ల చెబుతూనే ఉంది. వారం వారం తప్పకుండా వచ్చిన బస్సుకి ఎదురెళ్ళి నిలబడ్డాను గానీ, పెద్దమ్మా, నీ చెయ్యి ఎలా ఉందని ఒక్క మాట రాసి పంపడానికి అన్ని సోమవారాల్లో నాకొక్కటీ దొరకలేదు.