శనివారం డీజిల్

వారమంతా మా ఆయన చేతిలో బుద్ధిగా తిరిగే మా డీజిల్ కారు, శనివారం నా చేతికొచ్చేసరికి మొరాయించేది. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు బాగానే ఉండేది. తణుకు దాటి హైవే ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే మాత్రం, నేను పిలిచింది తనని కాదన్నట్టు ఊరుకునేది. తర్వాత రెండు కుదుపులు కుదిపి, సరేలే అన్నట్టు కదిలేది. ఆ కాసేపట్లో నా పైప్రాణాలు పైనే పోయేవి. మన కారు తీరిగ్గా ఆలోచించుకునేదాకా వెనకొచ్చే లారీవాడు ఆగడు కదా.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులున్నాయి. మా ఆయన తెల్లారి లేస్తే గట్టు మీదే ఉంటారు. నేను కారు నేర్చుకున్నది యాభై దాటాక, అదీ మా అక్క కోసం. అక్క ఉండేది రావులపాలెంలో. బావగారు పోయారు. మోకాళ్లు అరిగిపోయి బస్సు మెట్లెక్కలేదు, ఆటో ఎక్కితే గతుకులకి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. శనివారం నేను వెళ్లి, ముందు సీటు బాగా వెనక్కి జరిపి కూర్చోబెడితేనే ఆవిడ గడప దాటేది. గుడికని ఒకసారి, కూరలకని ఒకసారి బయల్దేరి, ఆఖరికి గోదావరి వంతెన మీద అటొకసారి ఇటొకసారి తిరిగి ఇంటికొస్తాం. వారం మొత్తానికి మా అక్కకి దక్కే బయటిగాలి అదే. నేను నడపడం మానేస్తే ఆవిడ ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది.

అందుకే కారు సంగతి చెప్పినప్పుడు మా ఆయన అన్న మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

"నేను నడిపితే ఎప్పుడూ అలా అవ్వలేదే. నువ్వు క్లచ్ మీద కాలు తియ్యవు. అదీ సంగతి."

"నా కాలు ఎక్కడుందో నాకు తెలీదేంటండీ?"

"తెలిస్తే బండి ఎందుకు ఎగురుద్ది?"

ఆయన నడిపేది ఎక్కడిదాకా? ఇంటి నుంచి చెరువుకి, చెరువు నుంచి మేత కొట్టుకి. గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు కూడా ఈయన్ని దాటేసి పోతాడు. ఆ మాట లోపల దాచుకునే రకం కాదు నేను, మొహం మీదే అనేశాను. ఆ పూట భోజనం వడ్డించాను గానీ ఆవకాయ జాడీ మాత్రం అటక దిగలేదు.

చివరికి ఇద్దరం కలిసి భీమవరంలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. అతను కారుని సందుల్లో ఓ చుట్టు తిప్పి తెచ్చాడు.

"బండి బ్రహ్మాండంగా ఉందండి," అన్నాడు మా ఆయనతో. "మేడంగారు కొత్త కదండి. కొంచెం రేసిచ్చి క్లచ్ మెల్లిగా వదలమనండి."

నేను అక్కడే ఉన్నాను, జానెడు దూరంలో. వదలమనండట! అయినా ఎందుకైనా మంచిదని డీజిల్ ఫిల్టర్ మార్చి పంపించాడు. ఆ శనివారం కారు నొక్కితే నొక్కినట్టు పోయింది. "చూశావా, క్లచ్ వదిలితే ఎంత బాగుందో," అన్నారు మా ఆయన. ఆ సంబరం ఎన్నాళ్లో లేదు. మళ్లీ మొదటికొచ్చింది.

ఆ రోజు అక్క నా పక్కనే ఉంది. వంతెన ఎక్కుతూ, ముందు పోతున్న ట్రాక్టరుని దాటుదామని కుడివైపుకి తీశాను. సగం దాకా వెళ్లి కారు చేతులెత్తేసింది. కాలు నేలకి ఆనేదాకా నొక్కినా ఇంజను గొంతు లేవదు. వెనక బస్సువాడు హారను మీద చెయ్యి తియ్యడు. ఎలాగో వేగం తగ్గించి మళ్లీ ట్రాక్టరు వెనక దూరాను. అక్క హ్యాండ్‌బ్యాగుని రెండు చేతులతో గుండెకి అదుముకుని కూర్చుంది. ఇంటి దగ్గర దిగాక, "వచ్చేవారం రాకులేవే, నాకూ పనులున్నాయి," అంది. మా అక్కకి పనులేంటి? నా మొహం చూసి అన్న మాట అది.

తిరిగొచ్చి తాళం మా ఆయన చేతిలో పెట్టేశాను. "నా వల్ల కాదండీ. మీరన్నదే నిజమేమో."

ఆయన నా వంక చూసి, "పోన్లే, ఎవరైనా డ్రైవరుని చూద్దాం," అన్నారు. ఓదార్చడానికే అన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. దెబ్బలాడితే బాగుండుననిపించింది. ఆ తర్వాతి శనివారం వెళ్లలేదు. ఫోన్ చేస్తే అక్క, "సర్లే, నేనూ ఇవాళ టీవీలో సినిమా చూద్దామనుకున్నా," అంది, పెద్ద తొందరేదో ఉన్నట్టు.

ఆదివారమంతా అదే ఆలోచన. పప్పు రుబ్బుతుంటే ఒక్కటి తట్టింది. మెకానిక్ మార్చింది ఫిల్టర్, నా కాలు కాదు. ఫిల్టర్ మార్చగానే కారు బాగుపడిందంటే తప్పు నా కాలిదెలా అవుతుంది? ఇంత చిన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు, అందరూ కొత్త కొత్త అంటుంటే నేనూ నమ్మేశాను.

సోమవారం ఎవరికీ చెప్పకుండా, మా ఆయనలాగే నత్తనడకన భీమవరం వెళ్లి, "ఆ ఫిల్టర్ నా కళ్లముందు విప్పండి," అన్నాను. మెకానిక్ విప్పి, అందులో ఉన్నదంతా ఓ ఖాళీ వాటర్ బాటిల్లోకి వంచాడు. కాసేపటికి పైన పచ్చగా డీజిల్ తేలింది. అడుగున రెండు వేళ్ల మందాన తెల్లగా వేరే ఏదో నిలబడింది.

"నీళ్లండి," అన్నాడు, ఈసారి నాతోనే. "చిన్నగా పోతే తెలీదండి. గట్టిగా నొక్కితే ఇంజను డీజిల్ ఎక్కువ లాగుద్ది కదండి, అప్పుడు ఈ నీళ్లు అడ్డం పడతన్నాయి. సిటీలో తిప్పితే నాకెలా దొరుకుద్దండి? మీ బంకువాడు కల్తీ పోస్తున్నాడండి."

ఆ బాటిల్ పట్టుకుని తిన్నగా మేమెప్పుడూ డీజిల్ కొట్టించే బంకుకి పోయాను. నిజానికి ఆ బంకులో అడుగు పెట్టనని నాకు ఒట్టు ఉంది. కారు నేర్చుకున్న కొత్తలో రివర్సు తీస్తూ అక్కడి గాలి మిషనుని గుద్దాను. అక్కడున్న మగాళ్లంతా నవ్వారు. ఇంటికొచ్చి, ఇక జన్మలో బంకు మొహం చూడనని ఏడ్చి మొత్తుకున్నాను. ఇప్పుడు కోపంలో ఆ ఒట్టు సంగతే గుర్తు రాలేదు. నోటికొచ్చినట్టు కడిగేశాను. అక్కడి పెద్దాయన అంతా విని, పొడుగాటి కడ్డీకి ఏదో ముద్ద పూసి భూమిలోని ట్యాంకులోకి దింపి పైకి తీసి చూపించాడు. నీళ్లుంటే దాని రంగు మారాలట. మారలేదు.

"అయినా మేడంగారూ, గాలి మిషనుని గుద్దిన బండి కదండి ఇది, వస్తే మాకు తెలీదేంటండి? వానలు మొదలైన కాణ్నుంచి ఇటు రానేలేదండి."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కారెక్కాక డీజిల్ ముల్లు వంక చూశాను. ప్రతి శనివారం పొద్దున్నే ట్యాంకు నిండుగా ఉండేది. శుక్రవారం సాయంత్రం మా ఆయన బంకుకి వెళ్లొస్తున్నారనుకున్నాను గానీ ఎప్పుడూ అడగలేదు. మరి బంకుకి వెళ్లకపోతే ఆ డీజిల్ ఎక్కడిది?

తిన్నగా చెరువు దగ్గరికి పోయాను. కరెంటు పోతే రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా నడపడానికి అక్కడ షెడ్డులో జనరేటరు, పక్కనే డీజిల్ డ్రమ్ము ఉంటాయి. డ్రమ్ము సగం షెడ్డు బయట వానలో ఉంది. పైన నీళ్లు నిలిచి, మూత వదులుగా ఉంది. మూత మీద గరాటు, గరాటులో మడత పెట్టిన పాత లుంగీ ముక్క. మా ఆయన లుంగీ గళ్లు నేను గుర్తుపట్టనా?

"కారులో డీజిల్ ఇక్కడిదేనా?" అనడిగాను.

మా ఆయన మేత ట్రే కడుగుతున్నారు. "ఆయ్, ఇక్కడిదే. శనివారం పెందలాడే ఓ క్యానుడు పోస్తున్నా. ఏం?"

"ఎందుకు పోస్తున్నారు?"

"నువ్వు బంకుకి పోనన్నావుగా. దార్లో ఎక్కడా ఆగే పని లేకుండా ఉంటదని. గుడ్డేసి వడగట్టే పోశానే."

బాటిల్ చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. తర్వాత జనరేటరు వంక చూశారు. దాని ఫిల్టర్ కింద చిన్న కొళాయి ఉంటుంది. స్టార్టు చేసే ముందు దాన్ని తిప్పి అడుగు నీళ్లు వదిలేయడం మా చెరువుల మీద అందరికీ అలవాటు. వదలకపోతే కేకలేసేది ఈయనే. గుడ్డలో చెత్త ఆగుతుంది గానీ నీళ్లు ఆగుతాయా? రోజూ జనరేటరుకి చేయించే పని కారు దగ్గరికొచ్చేసరికి తోచలేదు మహానుభావుడికి.

నాలుగు రోజులకి సరిపడా తిట్లు దారిపొడుగునా సిద్ధం చేసుకునే వచ్చాను. నన్ను కాలూ చెయ్యీ తెలియనిదాన్ని చేశారని, మా అక్కని ఇంట్లో కట్టి పడేశారని. తీరా నోరు తెరిస్తే, చీకట్లో లేచి, బురద గట్టు మీద క్యాను మోసుకుంటూ వచ్చే ఈయనే కళ్లముందు కనిపించారు. నన్ను చూసి నలుగురు నవ్వకూడదని ఇన్నాళ్లూ ఆ క్యాను మోశారు. ఎంత ప్రేమగా ఉందో అంత కోపంగానూ ఉంది. తిట్టాను. సగమే తిట్టగలిగాను.

ఆయన చేతులు తుడుచుకుని ఫోను తీశారు. పనివాళ్లందరూ వింటుండగా మెకానిక్‌తో, "ట్యాంకు దించి కడగాలి, రా. మా ఆవిడ డ్రైవింగులో ఏ తప్పూ లేదు. తప్పు నాది," అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చివరి రెండు మాటలూ ఈయన నోట పక్కపక్కన విన్నది అదే మొదలు. ఆ పూట ఆవకాయ జాడీ కిందికి దించాను.

శనివారం నేనే బంకుకి వెళ్లి డీజిల్ కొట్టించుకున్నాను. పెద్దాయన గాలి మిషనుకి అడ్డంగా నిలబడి మరీ దారి చూపించాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. అక్కకి ఫోన్ చెయ్యలేదు. తణుకు దాటి హైవే ఎక్కుతూ నొక్కితే కారు పలికింది.

వెళ్లేసరికి అక్క వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, కాళ్లకి చెప్పులు, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు.

"నేను వస్తానని చెప్పలేదుగా. ఎక్కడికి బయల్దేరావే?"

"ఎక్కడికీ లేదు. ఊరికే కూర్చున్నా."

లోపల్నించి పనావిడ అంది, "పోయిన శనివారం కూడా పొద్దుగూకేదాకా అలాగే కూర్చున్నారండి."

వెళ్లి కారు తలుపు తీశాను. సీటు వెనక్కి జరిపి అక్కని ఎక్కించాను. వంతెన మొదట్లో మళ్లీ ముందు ఓ ట్రాక్టరు. అక్క చేతులు బ్యాగు మీద బిగుసుకున్నాయి. అద్దంలో చూసి, కుడివైపుకి తీసి, నొక్కాను. ట్రాక్టరు వెనకబడిపోయింది. అక్క బ్యాగు కాళ్ల దగ్గర పెట్టి, కిటికీ అద్దం దించుకుంది.