సూదంటే భయపడే మనవరాలు

ఆ రోజుల్లో నన్నెవరైనా "సిస్టరమ్మా" అని పిలిస్తే చాలు, గాల్లో తేలిపోయేదాన్ని. నర్సింగ్ పరీక్ష పాసయ్యాను గానీ, కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదు. అది లేనిదే రోగి ఒంటి మీద సూది పెట్టకూడదన్నది చట్టం. ప్రొద్దుటూరులో నేను చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో ఆ సంగతి అందరికీ తెలుసు. (డాక్టరు భార్యకు మరీ బాగా తెలుసు, అందుకే నాకు సగం జీతం.) వార్డు పనంతా నాదే. గోడ మీద పటం కట్టి వేలాడే సర్టిఫికెట్టు మాత్రం జమ్మలమడుగులో కాపురం చేసుకుంటున్న ఒక నర్సక్కది. తనిఖీ ఉన్నప్పుడే ఆమె ఇస్త్రీ చేసిన తెల్లకోటుతో దిగేది.

ఒక పొద్దున డాక్టరు భార్య పరుగున వచ్చింది. "పాపా, ఇన్‌స్పెక్షనోళ్లు వస్తాండారు. ఆ కోటు తీసేసి లింగాల అవ్వ పక్కన కూచో. నువ్వు ఈడ నర్సువి కాదు, తెలిసిందా?" అంది. దొరికితే రావలసిన రిజిస్ట్రేషన్ కూడా ఆగిపోతుందని గబగబా కోటు విప్పేశాను. లింగాల ఊరి నుంచి వచ్చి వార్డులో చేరి, అంతకు కాసేపటి ముందే నా చేత సూది వేయించుకున్న అవ్వ అంతా విని, జరిగి చోటిచ్చింది.

నర్సక్క తెల్లకోటుతో దిగిన కాసేపటికే వచ్చిన అధికారి నన్ను చూపించి, "ఎవరమ్మా ఈమె?" అన్నాడు.

"నా మనవరాలప్పా. సదువు అబ్బల్యా, గొర్రెలు తోలుకోని పోతాది. సూదంటే శానా బయం దీనికి!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆలోగా అవ్వ చేతికి పెట్టిన సెలైన్ సూది జారి చెయ్యి ఉబ్బసాగింది. లేవబోయాను. అవ్వ రెండో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "కూచో మే, ఆ నర్సమ్మ చూస్తాది" అంది. నర్సక్క సూది పట్టి ఎన్నేళ్లయిందో, నరం దొరకక గుచ్చుతూనే ఉంది. అధికారి చూస్తూనే ఉన్నాడు. చట్టప్రకారం అంతా సవ్యంగానే ఉంది మరి! అవ్వ పళ్లు బిగబట్టి నా చెయ్యి నలిపేసింది గానీ, నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆ పూట నా మీద నాకే కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

రిజిస్ట్రేషన్ రాగానే లింగాల బస్సెక్కి అవ్వకు చూపించాను. చదవడం రాకపోయినా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వచ్చినాక ఇంగ నా మనవరాలివి కావా?" అంది. అదేం ప్రశ్న అవ్వా అని పెద్దగా నవ్వేశాను.

ఇప్పుడు పులివెందులలో పనిచేస్తున్నాను. తనిఖీకి ఎవరొచ్చినా నా కాగితాలు చూసి తలాడించి పోతారు. అప్పుడల్లా గొర్రెలు తోలుకునే ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ పిల్లకు కాగితం లేదు గానీ, దాని కోసం అబద్ధమాడడానికి ఒక అవ్వ ఉండేది.