లోడు దించిన రోజు

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా వాకిట్లో ఒక లారీ లోడు దించకుండా నిలబడి ఉంది. లారీ మాదే. లోడు మాది కాదు. దాన్ని ఎక్కించిన మా నాన్న, దించేలోపలే పోయాడు.

ఇల్లందు నుంచి అడవిలోకి పోయే దారిలో ఉండేది మా ఊరు. ఎనభైల మొదట్లో, నేల కింద బొగ్గు ఎంతుందో చూడటానికి ఆ అడవుల్లో బోర్లు వేసే క్యాంపులు వెలుస్తుండేవి. ఒక చోట పని అయిపోతే సామానంతా ఇంకో చోటికి మార్చాలి. సామానంటే పెద్ద పెద్ద డీజిలు ఇంజన్లు, బురదనీళ్లు తోడే పంపులు. వాటికి చక్రాలుండవు. రెండు ఇనుప దూలాల మీద బోల్టులతో బిగించి ఉంటాయి. నేల మీద ఈడ్చడానికి వీలుగా ఆ దూలాల కొసలు కొంచెం పైకి వంగి ఉంటాయి. దాన్ని స్కిడ్డు అనేవారు. అడవిలోకి క్రేన్లు రావు కాబట్టి వాటిని ఎత్తేది లేదు, లారీలోకి కూడా ఈడ్చుకోవాల్సిందే.

అందుకోసమే మా నాన్న ఒక పాత మిలిటరీ లారీ కొని, ఇల్లందులో వెల్డింగు చేసే ఒకాయన్ను వెంటేసుకుని దాని రూపు మార్చేశాడు. క్యాబిన్ వెనక వించి బిగించారు. వించి అంటే ఇనుపతాడు చుట్టుకునే ఒక పెద్ద చక్రం, లారీ ఇంజను బలంతోనే తిరుగుతుంది. చెక్క బాడీ పీకేసి ఇనుప పట్టాలు పరిచారు. వెనక అంచున ఒక లావుపాటి పైపును రోలరులా తిరిగేట్టు అమర్చి గ్రీజు పూశారు. పని పూర్తయ్యాక ఆ లారీని, దాన్ని తయారుచేసినవాళ్లు చూసినా గుర్తుపట్టేవారు కాదు. గుర్తుపట్టినా ఒప్పుకునేవారు కాదు.

నేలకూ లారీకీ మధ్య రెండు టేకు దూలాలు ఏటవాలుగా వేసి, తాడు కొక్కేన్ని స్కిడ్డుకు తగిలిస్తే, వించి ఆ ఇంజన్ని మెల్లగా పైకి లాక్కునేది. లివరు పట్టుకునేది మా బాబాయి. మధ్యలో లోడు అడ్డం కాబట్టి దాని వెనక ఏం జరుగుతోందో అతనికి కనపడదు. అందుకని మా నాన్న లారీ వెనక కాస్త పక్కగా నిలబడి చేతులతో సైగలు చేసేవాడు. బాబాయి ఆ చేతుల్ని తప్ప ఇంక దేన్నీ చూడకూడదు. అన్నదమ్ములిద్దరూ ఇంట్లో పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పగలంతా చేతులతో మాట్లాడుకున్నాక ఇంక నోటికి పనేముందని మా అమ్మ అనేది.

ఆ ఏడు వానలు ఇంకా పడకముందు, ఒక ఇంజన్ని వేరే క్యాంపుకు తీసుకుపోతూ నాన్న దారిలో అన్నానికని ఇంటి దగ్గర ఆపాడు. అన్నం తినలేదు. చలి పెడుతోందని ఎండలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. అడవి జ్వరం మాకు కొత్తది కాదు కనుక ఎవరూ కంగారు పడలేదు. జ్వరం తలకెక్కాక దవాఖానాకు తీసుకుపోయారు. కొన్నాళ్లకు బాబాయి ఒక్కడే ముందుగా వచ్చి వాకిట్లో నిలబడితే, అతని మొహం చూసి అమ్మ ఏమీ అడగలేదు.

తర్వాత వానలు దిగాయి. అడవి దారులు మూసుకుపోయి క్యాంపుల్లో పనులు ఆగాయి. ఇంజను కోసం ఎవరూ రాలేదు. లోడును పట్టి ఉంచిన గొలుసులు నాన్న బిగించినవి. టార్పాలిన్ తాళ్లకు వేసిన ముడులు నాన్నవి. అమ్మ వాటిని ఎవరినీ ముట్టనివ్వలేదు. గాలివానకు ఒక మూల టార్పాలిన్ లేచిపోతే, పాత ముడి విప్పకుండా దాని మీద నుంచే ఇంకో తాడు కట్టించింది. మా కోడి ఆ ఇంజను సందులో గుడ్లు పెట్టి పొదిగింది. ఆ లారీ మీద ఆ ఏడు సవ్యంగా పూర్తయిన పని అదొక్కటే. బాబాయి రోజూ వచ్చి వించి దగ్గర కాసేపు ఊరికే కూర్చుని, లివరుకు నూనె పెట్టి పోయేవాడు. తిరగని లివరుకు అంత నూనె ఎందుకని నేను ఒకసారి అడిగితే, తిరగకపోతేనే ఎక్కువ కావాలన్నాడు.

దసరా వెళ్లాక దారులు ఆరాయి. క్యాంపు సూపర్వైజరు మోటారు సైకిలు మీద వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. నాన్న గురించి రెండు మంచి మాటలు చెప్పి, ఇంజను సంగతి ఎత్తాడు.

"తాళంచెయ్యి యాడ్నో పడ్డది సారూ, దేవులాడుతున్న" అన్నాడు బాబాయి. తాళంచెవి అతని మొలతాడుకు వేలాడుతూ అందరికీ కనపడుతోంది. సూపర్వైజరు దాన్ని చూసి, చూడనట్టే వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ వచ్చినప్పుడు బ్యాటరీ దిగిపోయిందన్నాడు బాబాయి. ఆ తర్వాత బ్రేకులు పట్టడం లేదన్నాడు. వాకిట్లో కదలకుండా ఉన్న లారీకి బ్రేకులు అంతకంటే బాగా ఎట్లా పడతాయో నాకు అర్థం కాలేదు.

ఆఖరికి సూపర్వైజరుకే ఓపిక అయిపోయింది. "తమ్ముడూ, ఇది నాకు మాత్రం సరదానా? పైనుంచి ఒకటే ఒత్తిడి. రేపు నువ్వు తేకపోతే ఎల్లుండి వాళ్లు కొత్తగూడెం నుంచి మీ ఇంటికే క్రేను పంపిస్తారు. గ్యాసుతో ఆ గొలుసులు కోసి ఇంజను దించుకుపోతారు. ఇక మీదట మీ లారీని పనికి పిలవరు. నా చేతిలో ఏం లేదు."

బాబాయి చెయ్యి మొలతాడు మీదికి పోయింది. తలుపు చాటు నుంచి అమ్మ గొంతు వినపడింది. "గొలుసులు కొయ్యద్దని చెప్పు తమ్మీ. మనమే తోల్కపోదాం."

మర్నాడు పొద్దున్నే బాబాయి క్యాబిన్ ఎక్కాడు. అమ్మ వాకిట్లోకి రాలేదు. మొగుడు పోయిన మనిషి పనికి బయలుదేరేవాళ్లకు ఎదురు రాకూడదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. దొడ్డివైపు తప్పుకుని గోడకు ఆనుకుని నిలబడింది. లారీ స్టార్టయిన చప్పుడైతే వినపడింది గానీ కదిలిన చప్పుడు లేదు. కాసేపటికి బాబాయి దిగి దొడ్లోకి వచ్చాడు.

"వదినే, నువ్వూ రా."

"నేనా? మంచిగ పనికి పోతుంటె నేను ఎదురొస్తనా?"

"ఎదురెందుకొస్తవు, పక్కన కూసో."

ఆ వానాకాలం మొత్తంలో అమ్మ నవ్వినట్టు కనిపించింది అప్పుడే. పూర్తిగా నవ్వలేదు, నవ్వు గుర్తుకొచ్చినట్టు చేసింది. నన్ను ఒంటరిగా వదలలేక నన్నూ ఎక్కించింది.

క్యాంపు భద్రాచలం వైపు అడవిలో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా వెనక గొలుసులు కదులుతున్నాయేమోనని బాబాయి అద్దంలో చూసేవాడు. అవి కదలలేదు.

అక్కడికి చేరాక ముందు గొలుసులు విప్పాలి. బాబాయి లారీ పైకెక్కి గొలుసును బిగించిన మర మీద చెయ్యి వేసి అట్లాగే ఉండిపోయాడు. అమ్మ పైకెక్కి, అతని చెయ్యి పక్కకు తీసి, తనే తిప్పింది. బిగుసుకుపోయింది. మళ్లీ తిప్పింది. తుప్పు రాలింది, గొలుసు వదులైంది. ఆమె దాన్ని చుట్ట చుట్టి ఒక మూల పెట్టి, టార్పాలిన్ ముడులూ తనే విప్పి, చేతికంటిన తుప్పును కొంగుకు తుడుచుకోకుండా కిందికి దిగి, నాతోపాటు చెట్టు కింద కూర్చుంది.

బాబాయి లివరు పట్టుకున్నాడు. కూలీలు టేకు దూలాలు వేసి, తాడు కొక్కేన్ని స్కిడ్డుకు తగిలించి, గడ్డపారలతో నెట్టి ఇంజన్ని వెనక రోలరు దాకా జరిపారు. అది అంచు దాటి దూలాల మీదికి వాలగానే, అప్పటిదాకా లారీ మోసిన బరువంతా తాడు మీద పడింది. అందరూ ఒక్కసారే సైగలు మొదలుపెట్టారు. ఒకడు రమ్మంటాడు, ఒకడు ఆగమంటాడు, సూపర్వైజరు రెండూ చేస్తున్నాడు. ఇంజను ఒక పక్కకు తిరిగి, ఒక పక్క స్కిడ్డు టేకు దూలం మీద నుంచి సగం జారింది. బాబాయి వించి బ్రేకు పట్టేశాడు. ఇంకొంచెం జారితే ఇంజను పల్టీ కొడుతుంది, కింద మనుషులున్నారు.

"ఎవల్ని చూడాల్నో నాకు సమజైతలేదు" అన్నాడు బాబాయి. గట్టిగా అనలేదు. అందుకే అందరికీ వినపడింది. అతను లారీ వెనక ఖాళీగా ఉన్న జాగా వైపు చూస్తున్నాడు.

అమ్మ లేచి వెళ్లి ఆ జాగాలో నిలబడింది. తాడుకు ఎదురుగా కాదు, నాన్న నిలబడినట్టే కాస్త పక్కగా.

కూలీల్లో ముసలాయన ఒకడు దగ్గరికొచ్చాడు. "అమ్మా, నువ్వు గాడ నిలవడకు. ఇయ్యాల్నే పని మొదలువెట్టినం, మంచిగుండది."

"నాకేం గాదు తాతా. నువ్వే జర ఇవతలికి రా. తాడు తెగితె ముందుగాల నీకే తాకుతది."

ముసలాయన తాడు వైపు ఒకసారి చూసుకుని గబగబా ఇవతలికి వచ్చాడు.

"తమ్మీ, అటిటు జూడకు. నన్ను జూడు" అంది అమ్మ.

నెలల తరబడి ఊళ్లో జనం పొద్దున్నే ఆమె మొహం చూడకుండా తప్పుకుంటున్నారు. ఇప్పుడు అన్ని ప్రాణాలు, ఒకడు ఆ మొహం మీంచి చూపు తిప్పకుండా ఉండటం మీద ఆధారపడ్డాయి.

ఆమె మొదట చేసిన సైగ దించమని కాదు, పైకి లాగమని. జారిన స్కిడ్డు దారిలోకి రావాలంటే ముందు వెనక్కి పైకి పోవాలి. వించి మూలిగింది, ఇంజను జానెడు పైకి వచ్చింది. ఆమె పిడికిలి బిగించింది, అంతా ఆగింది. కూలీలు దూలాన్ని సరిచేసి పక్కకు తప్పుకున్నారు. అప్పుడు ఆమె చెయ్యి చాపి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి, కూరలో చిటికెడు ఉప్పు వేసినట్టు కదిపింది. మెల్లగా అని అర్థం. ఆ సైగ ఏ క్యాంపులోనూ లేదు. అది మా నాన్న సొంతం. ఇంట్లో ఆయన ఎప్పుడైనా అట్లా వేళ్లు కదిపితే, ఉప్పు నేను వేశాను, నువ్వు వెయ్యొద్దని అమ్మ ఎగతాళి చేసేది.

బాబాయి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి, చూపు తిప్పాలి. రెండూ చెయ్యలేదు. ఇంజను చిటికెడు చిటికెడుగా దిగింది. దిగుతున్నంతసేపూ తాడు దాన్ని పైకే లాగుతోంది. దించడమంటే తాడు వదిలెయ్యడం కాబోలనుకునేదాన్ని అప్పటిదాకా. వదిలితే అది దిగదు, పడుతుంది. స్కిడ్డు నేలకు ఆని తాడు వదులైనప్పుడు అమ్మ చెయ్యి దించి, ఇంజను దగ్గరికి వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత సూపర్వైజరుతో, "మీ సామాను మీకు ముట్టింది సారూ, చూస్కోండి" అంది. ఆయన దండం పెట్టాడు. ఇంజనుకో, ఆమెకో తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో లారీ ఖాళీ. ఖాళీ లారీ చేసే మోత అంతా ఇంతా కాదు. అడవి దారి దాటేలోపే అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. నాన్న పోయిన రోజు జనం మధ్య ఏడ్చిన ఏడుపు కాదు అది. పెద్దగా, పేరు పెట్టి పిలుస్తూ, తిడుతూ ఏడ్చింది. నాకు భయమేసి బాబాయి వైపు చూశాను. అతను ముందుకే చూస్తున్నాడు. తారు రోడ్డు ఎక్కాక కూడా లారీ చిన్న గేరులోనే, ఇంజను అరుస్తూ పోతోంది. నాన్న పక్కన కూర్చుని తిరిగినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు.

"బాబాయ్, గేరెందుకు మార్చవు?"

"పడ్తలేదు బిడ్డా."

ఊరి పొలిమేర దాకా ఆ గేరు పడలేదు. దారిలో ఎడ్లబళ్లవాళ్లు చెవులు మూసుకుని మమ్మల్ని తిట్టుకున్నారు. ఆ మోతలో అమ్మ ఏడుపు పక్కన కూర్చున్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఇల్లు కనపడేసరికి ఆమె మొహం తుడుచుకుంది. మర్నాడు బాబాయి అదే లారీ తీసి ఇల్లందు పోతుంటే గేర్లన్నీ వెన్నలా పడ్డాయి. నేను అతని వైపు చూశాను. అతను అద్దం తుడుచుకున్నాడు.

ఓదార్చే మాటలు నాకు ఇప్పటికీ రావు. చదువుకున్నాను కాబట్టి కొన్ని నేర్చుకుని ప్రయత్నించాను గానీ అవి ఎవరికీ ఉపయోగపడినట్టు కనపడలేదు. ఇంట్లో ఎవరికైనా లోపల బరువైతే, నేను పక్కగదిలోనే ఉండి ఏదో ఒక చప్పుడు మొదలుపెడతాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతాను. కుళాయి తిప్పుతాను. బాబాయి పోయాక, చుట్టాలంతా వెళ్లిపోయిన సాయంత్రం, అమ్మ లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను వంటింట్లో మిక్సీ వేశాను. అందులో ఏమీ లేదు. ఖాళీగా అంతసేపు తిప్పితే కాలిపోతుందని మావారు గుమ్మంలోంచి అన్నారు. ఆగడం లేదని చెప్పాను.